సూది గీత లేని టోపీలు

టోపీ అడుగున సూది గీత లేదు.

పెద్దకోడలు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. ఉమ్మి అద్ది గుడ్డముక్కతో తుడిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది. లేదు. రెండోది తీసింది. దానికీ లేదు. మూడోదీ నాలుగోదీ అంతే.

అవి ట్రాన్సిస్టర్లు. చొక్కా గుండీకి రెండింతలు వెడల్పు, నెత్తిన లోహపు టోపీ పెట్టినట్టుండే పాతకాలం రకం. ఆ షాపులో వాటిని టోపీలనే అంటారు. కిందటి వారం పెద్దకోడలే బట్టలు కుట్టే సూదితో ఒక్కోదాని అడుగున, కాలు పక్కన, వెంట్రుకంత గీత గీసింది. గీసి, ఏమీ ఎరగనట్టు తోడికోడలి చేతికిచ్చి "బిగించవే" అంది. నాలుగు లోపలికి వెళ్ళాయి. ఇప్పుడు నాలుగు కాలి బయటికొచ్చాయి. కానీ వెళ్ళినవి ఇవి కావు. మధ్యలో ఉన్నది ఒక్క మనిషి చెయ్యి.

"దొరికావే తల్లీ," అనుకుంది పెద్దకోడలు.

బెంచీ మీదున్న పెట్టె పళ్ళ డాక్టరుగారిది. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని పాటల రిసీవరు. మామూలు పెట్టెకి రెండు గొంతులుంటాయి, కుడి ఒకటి, ఎడమ ఒకటి. దీనికి నాలుగు. ముందు రెండు, వెనక రెండు, గది నాలుగు మూలల నుంచీ పాట వస్తుంది. ముఖం మీద గడియారం ముళ్ళలాంటివి నాలుగు ఆడతాయి. మధ్యలో చిన్న కర్ర, దాన్ని ఎటు వంచితే పాట అటు నడుస్తుంది. ఇంకో మీట ఉంది, "నాలుగు", "రెండు" అని. "రెండు" వైపు తిప్పితే వెనక గొంతుల బలం కూడా ముందు గొంతులకే చేరి, రెండు స్పీకర్లే నాలుగింటి పెట్టు మోగుతాయి. తయారుచేసినవాళ్ళు ఎప్పుడో మానేశారు. లోపల తీగలు చూస్తే పిచ్చుక గూడు నయం.

డాక్టరుగారికి ఇది సరదా కాదు, అవసరం. ఆస్పత్రిలో కూర్చున్న వాళ్ళకి లోపలి డ్రిల్లు చప్పుడు వినపడకూడదు. మామూలు రోజుల్లో నాలుగు మూలలా సన్నగా పాట. జ్ఞానదంతం పీకే రోజు, లోపలివాడు మరీ అరిస్తే, మీట "రెండు"కి తిప్పి గట్టిగా పెడతాడు. "నా మత్తుమందు కన్నా ఇదే బాగా పనిచేస్తుందమ్మా," అన్నాడు మొదటిసారి తెచ్చినప్పుడు. పెద్దకోడలు పకపకా నవ్వింది. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ కథే లేదు.

పెట్టె బాగుచేసి, ఆస్పత్రిలో నాలుగు మూలలకీ తీగలు లాగి, స్పీకర్లు తగిలించి వచ్చింది తనే. రెండు వారాలకి వెనక గొంతులు రెండూ, ఒక్కోదానికి రెండు టోపీల చొప్పున, కాలిపోయాయి. కొత్త టోపీలు వేశారు. తొమ్మిది రోజులకి మళ్ళీ అవే రెండూ. షాపులో పెడితే గంటలకొద్దీ పాడుతుంది, మీట "రెండు"కి తిప్పినా పాడుతుంది. అక్కడికి వెళ్తే చస్తుంది.

టోపీలు తెచ్చేది సంచీవాడు. ఇస్త్రీ చొక్కా, తోలు సంచీ, నెలకోసారి వస్తాడు. "మీ మామగారి మీద గౌరవంతో అసలు సరుకు మీకే దాచాను," అంటాడు. పెద్దాయన ముందు కూర్చుని ఆయన జమానా మాటలు పది మాట్లాడి వెళ్తాడు. అతని మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? అనుమానానికి ఇస్త్రీ చొక్కా అంటే భయం. అదెప్పుడూ పల్లానికే పారుతుంది, ఇంట్లో ఎవరి మాటకి విలువ తక్కువో వాళ్ళ కాళ్ళ దగ్గరే మడుగు కడుతుంది.

ఆ షాపులో ఆ మనిషి చిన్నకోడలు.

పెద్దాయనకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ స్క్రూడ్రైవరు చేతికిస్తే చెవి గోక్కునే రకం. ఒకడు బస్సు నడుపుతాడు, ఒకడు బస్సు ఎక్కి ఎటో వెళ్ళి సాయంత్రానికి దిగుతాడు. అందుకని ఆయన పని కోడళ్ళకి నేర్పాడు. పెద్దకోడలిది పద్దెనిమిదేళ్ళ అనుభవం. చిన్నకోడలిది ఆరేళ్ళు. చిన్నదాని చెయ్యి మాత్రం అద్భుతం, ఆమె పెట్టిన సోల్డరు అతుకు మంచుబొట్టులా నిలుస్తుంది. అది పెద్దదానికి తెలుసు. తెలియడమే సగం జబ్బు.

మిగతా సగం మంచం కింద ఉంది. పది రోజుల కిందట చిన్నది బయటికెళ్ళినప్పుడు, పగిలిన పళ్ళెం ముక్కలు ఊడ్చే వంకతో పెద్దకోడలు ఆమె గదిలోకి వెళ్ళింది. మంచం కింద గుడ్డ కప్పిన పెట్టె కనిపించింది. అంచు ఎత్తి చూస్తే నాలుగు ముళ్ళు, మధ్యలో కర్ర. డాక్టరుగారిదానికి కవల. గబుక్కున గుడ్డ దించేసి వచ్చేసింది. "ఓహో, ఇక్కడి అవయవాలు అక్కడికి నడుస్తున్నాయన్నమాట," అనుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. సూది పట్టగలదేమో చూద్దామనుకుంది.

పట్టింది మరి.

చిన్నకోడలు సోల్డరు చుట్ట కొనుక్కుని షాపులోకి వచ్చింది. బెంచీ మీద పెట్టె చూసి ఆగిపోయింది.

"మళ్ళీ వచ్చిందా అక్కా?"

"వచ్చింది. పుట్టిల్లు అనుకుంటోందిగా."

"వెనకవేనా?"

"వెనకవేనని నీకెవరు చెప్పారు?"

"మూడుసార్లకీ అవే కదా. ముందువి ఎప్పుడు పోయాయి గనక?"

"అబ్బో, లెక్క బాగా గుర్తుపెట్టుకున్నావే."

చిన్నకోడలు చెప్పులు విడిచి బెంచీ దగ్గరికి వచ్చింది. విప్పి పెట్టిన నాలుగు టోపీల వైపు చూసింది. చెయ్యి చాపబోయి ఆపుకుంది.

"టోపీలు చూశావా?" అంది.

"చూశా. అడుగు కూడా చూశా."

"అడుగునేముంటుందక్కా?"

"అదే నేనూ అడుగుతున్నా. అడుగునేముండాలి?"

చిన్నకోడలు సోల్డరు చుట్ట సొరుగులో పెట్టి, సొరుగు మూసి, దాని ముందు నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనని పెద్దకోడలికి ఖాయమైపోయింది. లేచి, నాలుగు టోపీలూ పిడికిట్లో పట్టుకుని, వీధి వైపు గదిలోకి నడిచింది.

పెద్దాయన అక్కడ వాలుకుర్చీలో ఉన్నాడు. యాభై ఏళ్ళు సభలకీ నాటకాలకీ మైకులు కట్టి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఎవరు మాట్లాడినా తల తిప్పి కుడి చెవి పెడతాడు, అందుకని అందరినీ అనుమానించినట్టే కనపడతాడు.

"మామయ్యగారూ, ఈ బెంచీ మీద మేమిద్దరం ఇక ఉండలేం. నేనైనా పోతాను, తనైనా పోవాలి."

"ఏమైంది పెద్దమ్మాయ్?"

"దొంగతనమైంది."

ఆ మాటకి ఆయన కుర్చీలోంచి లేచాడు. షాపుకి యాభై ఏళ్ళుగా ఒక పేరుంది. తెచ్చిన పెట్టెలో తెచ్చిన భాగాలే తిరిగి వెళ్తాయి, మార్చినవి కాగితం పొట్లంలో కట్టి చేతికిస్తారు. పెద్ద దుకాణాలు వచ్చినా జనం ఇక్కడికి రావడానికి ఉన్నది ఆ ఒక్క నమ్మకమే. దొంగతనం మాట నిజమైతే చిన్నకోడలు మళ్ళీ బెంచీ ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఆమెకి వంటగది తప్ప ఇంకేమీ మిగలదు.

"చిన్నమ్మాయ్, ఇలా రా," అని పిలిచాడు.

చిన్నకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్దకోడలు టోపీలు బల్ల మీద బోర్లించి వరసగా పెట్టింది. సూది సంగతి చెప్పింది. గీతల సంగతి చెప్పింది.

"సూదితో గీశావా?" అంది చిన్నకోడలు. "నా మీదా?"

"దొంగ మీద."

"మామయ్యగారూ, ఆ నాలుగూ నేను వెయ్యలేదు. నిజమే. మార్చాను."

"విన్నారా!" అని పెద్దకోడలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "తన నోటితోనే అంది. డాక్టరుగారి టోపీలు తీసి తన పెట్టెలో వేసుకుంది. మంచం కింద గుడ్డ కప్పి దాచిన పెట్టె ఎవరిది? కాదనమనండి!"

చిన్నకోడలు ఆమె వైపు తిరిగింది.

"నా మంచం కింద ఏముందో నీకెలా తెలుసక్కా?"

"పళ్ళెం... పగిలితే ఊడవడానికి..."

"పళ్ళెం వంటింట్లో పగిలింది."

పెద్దాయన కుడి చెవి ఒకసారి పెద్దదాని వైపు, ఒకసారి చిన్నదాని వైపు తిప్పాడు. "ఆ పెట్టె తీసుకురండి," అన్నాడు. "ఇద్దరూ పట్టుకుని తీసుకురండి."

తెచ్చారు. మోస్తున్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. గుమ్మం దగ్గర వంకర తిప్పాల్సి వచ్చినప్పుడు "కాస్త నీ వైపు ఎత్తు" అని పెద్దది, "ఎత్తాను" అని చిన్నది, అంతే. బల్ల మీద దించాక చిన్నకోడలే గుడ్డ తీసింది. పైమూత విప్పి పక్కన పెట్టింది.

అంతా శుభ్రంగా ఉంది. తీగలు రంగుల వారీగా జడ అల్లినట్టు కట్టి ఉన్నాయి. మూడేళ్ళుగా ఎవరో పారేసినవీ, ఎక్కడో అడిగి తెచ్చుకున్నవీ ఒక్కొక్కటే కూర్చిన పెట్టె అని చూస్తేనే తెలుస్తోంది. వెనకవైపు వేడి పోవడానికి పెట్టే అల్యూమినియం రెక్కల మీద మాత్రం నాలుగు చోట్ల తెల్ల పేస్టు గుండ్రంగా అంటుకుని ఉంది. అక్కడ టోపీలు లేవు. నాలుగు ఖాళీ గుంటలు.

పెద్దకోడలు ఆ గుంటల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు గుడ్డ ఇంకో జానెడు ఎత్తి ఉంటే నాలుగు టోపీలూ ఉన్నచోటే కనపడేవి, ఇవాళ్టికి అవి ఎక్కడికెళ్ళాయో తెలిసేది. తాను చూడదలుచుకున్నంత మేరే ఎత్తింది.

చిన్నకోడలు వెళ్ళి సొరుగు తీసి, కాగితం పొట్లం తెచ్చి బల్ల మీద విప్పింది. అందులో మూడు టోపీలు, నాలుగోది హాక్సా రంపంతో నెత్తి కోసినది.

"ఇవిగో నీ గీతలు. చూసుకో. నువ్విచ్చినవి చేతిలో పెట్టగానే తేలిగ్గా అనిపించాయక్కా. ఒకటి కోసి చూశాను. చూడండి మామయ్యగారూ."

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. టోపీ లోపల ఆవగింజంత ముక్క ఉంది, అంతే. చిన్నకోడలు బల్ల మీద కాలిన వాటిలోంచి ఒకటి తీసుకుని దాని నెత్తీ కోసి చూపించింది. అందులో ముక్క చిటికెనవేలి గోరంత ఉంది, నల్లగా మాడి.

"ఇది అసలుది. నా పెట్టెలోది. అది నకిలీ. పైన పేరు తుడిచి కొత్తగా అచ్చేశారు."

"సంచీవాడా?" అన్నాడు పెద్దాయన. "నా ముందు కూర్చుని కబుర్లు చెప్పినవాడా?"

"కబుర్లు చెప్పాడు గనకే మీరెప్పుడూ కోసి చూడలేదు."

పెద్దకోడలు పొట్లంలోంచి ఒకటి తీసి కిటికీ వైపు పట్టింది. ఉంది. వెంట్రుకంత గీత, కాలు పక్కన, తను గీసిందే.

"మరి చెప్పొచ్చుగా!" అంది. "నోరు పెగల్లేదా? నీవి ఎందుకు వేశావు?"

"చెప్తే? కిందటేడు నువ్వు బాగుచేసిన రేడియోలో తప్పు చూపించానని వారం రోజులు నా బెంచీ మీద దీపం తీసేశావు, గుర్తుందా? నువ్వు కొన్న సరుకు నకిలీ అంటే ఏమనేదానివి? 'దీనికి నా మీద పోటీ' అనేదానివి. డాక్టరుగారి ముందు షాపు పేరు పోకూడదని నావి వేశాను. నాది ఎప్పటికైనా పాడుతుందిలే అనుకున్నాను."

పెద్దకోడలు అక్కడ సారీ అనాల్సింది. అనలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పద్దెనిమిదేళ్ళు బతికిన మనిషికి నాలుగో కాలు కళ్ళముందు కనపడినా వెంటనే లెక్కపెట్టడం రాదు. పైగా ఆమె బుర్ర అప్పుడే ఇంకో చోట ఇరుక్కుంది.

"ఆగు," అంది. "నకిలీవి కాలాయంటే అర్థముంది. మొదటిసారి కాలినవి పెట్టెతో వచ్చిన అసలువి. ఇప్పుడు కాలినవీ అసలువి. మరి ఎందుకు కాలాయి?"

"అదే నేనూ మొదటి నుంచీ అడుగుతున్నా. ఇక్కడ పాడుతుంది, అక్కడ కాలుతుంది. లోపల కాదక్కా, బయట చూడమంటే నువ్వు నా చేతులు చూశావు."

"బయటేముంది? స్పీకర్లు కొత్తవి. తీగలు నేనే లాగాను."

"ఎలా లాగావు?"

"ఎలా ఏమిటి, మామయ్యగారు నేర్పినట్టే. ఎర్రది దేనికది, నల్లది అన్నిటికీ ఒకటే."

సంగతి ఇది. ఒక్కో స్పీకరుకి రెండు తీగలు కావాలి. ఎర్రది పాటని తీసుకెళ్తుంది, నల్లది తిరిగి వస్తుంది. పెద్దాయన సభల కాలంలో ఎర్ర తీగలు విడివిడిగా లాగి, తిరిగొచ్చే నల్లది మాత్రం అన్నిటికీ కలిపి ఒక్కటే వేసేవాడు. సగం తీగ మిగులుతుంది, సగం శ్రమ మిగులుతుంది. అది ఆ షాపు విద్య. బయటివాళ్ళకి తెలియదని గొప్ప కూడా. షాపులో పరీక్ష చేసేటప్పుడు మాత్రం నాలుగు స్పీకర్లకీ నాలుగు జతల తీగలు ఎప్పటి నుంచో విడిగా ఉన్నాయి.

చిన్నకోడలు మీటరు తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టింది. చెప్తే నమ్మదని తెలుసు.

"డాక్టరుగారి పెట్టె మీద చూడు. టోపీలు ఎలాగూ లేవు. ఒక కొన పెట్టె ఇనప ఒంటికి పెట్టు, ఒక కొన ముందు ఎడమ స్పీకరు నల్ల బిగింపుకి. మీట 'నాలుగు' మీద ఉంచు."

పెట్టింది. మీటరు కుయ్యిమంది. రెండూ కలిసే ఉన్నాయన్నమాట.

"ఇప్పుడు 'రెండు'కి తిప్పు."

తిప్పింది. కూత ఆగిపోయింది.

పెద్దకోడలు మళ్ళీ "నాలుగు" పెట్టింది. కూత. "రెండు" పెట్టింది. లేదు. కుడి వైపు చూసింది. అంతే. ఐదారుసార్లు అటూ ఇటూ తిప్పింది. చివరికి మీటరు కింద పెట్టేసింది.

ఇక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మీట "రెండు"కి తిప్పితే నల్ల బిగింపు ఉత్త తిరుగుదారి కాదు. ఎడమ నల్లదానికి వెనక ఎడమ గొంతు బలం వస్తుంది, కుడి నల్లదానికి వెనక కుడి గొంతు బలం వస్తుంది. ఆ రెండింటినీ ఒకే తీగకి కట్టడమంటే రెండు ఎద్దుల తోకలు ముడేసి చెరో వైపూ తోలడం. జ్ఞానదంతం ఊడిన ప్రతిసారీ ఆస్పత్రిలో జరిగింది అదే. అందుకే ఎప్పుడూ వెనక గొంతులే చచ్చాయి.

"నేను నేర్పిందే," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నా మైకులకి అది సరిపోయేది. దీనికి సరిపోదు. నాకే తెలీదమ్మా."

"మీరు నేర్పారు. కట్టింది నేను," అంది పెద్దకోడలు.

పెద్దాయన లేచి అల్మారా మీదున్న తన సభల నాటి యాంప్లిఫయరు వైపు చూపించాడు. ఎవరినీ ముట్టుకోనివ్వడు దాన్ని. పూలదండ వెయ్యడం ఒక్కటే తక్కువ. "అందులో ఇవే రకం టోపీలు ఆరున్నాయి. నాలుగు తియ్యండి. ఎవరు తీస్తారు?"

"తను తీస్తుంది," అంది పెద్దకోడలు.

మర్నాడు పొద్దున్నే ఆ టోపీలు వేసిన డాక్టరుగారి పెట్టె ఇద్దరూ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళారు. బుగ్గలు పట్టుకుని కూర్చున్న జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. పెద్దకోడలు నిచ్చెన ఎక్కి తను కొట్టిన మేకులు తనే పీకింది. ఒంటి నల్ల తీగ గోడ పొడవునా ఊడి కింద పడింది. దాని చోట నాలుగు కొత్త తీగలు విడివిడిగా లాగారు. పెద్దది పైనుంచి లాగుతుంటే చిన్నది కింద కొనలు చెక్కింది. మధ్యలో అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు.

డాక్టరుగారు చేతి తొడుగులతోనే బయటికి వచ్చాడు. "ఏమ్మా, ఈసారైనా నిలుస్తుందా? ఏమిటంట దాని రోగం?"

చిన్నకోడలు పెట్టె వెనక వంగి బిగింపులు బిగిస్తోంది. తల ఎత్తలేదు.

"రోగం పెట్టెకి లేదు డాక్టరుగారూ," అంది పెద్దకోడలు, నిచ్చెన మీది నుంచే, కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా. "తీగలు నేను తప్పు కట్టాను. మూడుసార్లూ నావల్లే కాలింది. ఈవిడ తన సొంత పెట్టెలోవి తీసి మీదాంట్లో వేసింది, అవీ నేనే కాల్చాను."

"పోనీలే, పన్ను పీకబోయి పక్కది పీకడం మాకూ ఉన్నదే," అన్నాడాయన. కూర్చున్నవాళ్ళలో ఒకాయన గబుక్కున లేచి గుమ్మం వైపు చూశాడు.

పాట పెట్టారు. నాలుగు మూలల నుంచీ వచ్చింది. నాలుగు ముళ్ళూ ఆడాయి. పెద్దకోడలు నిచ్చెన దిగి పెట్టె దగ్గర నిలబడింది. ఇక మీట తిప్పడమే మిగిలింది.

"తిప్పు," అంది చిన్నదానితో.

చిన్నకోడలు చేతులు వెనక్కి కట్టుకుంది. "నువ్వే తిప్పక్కా. మళ్ళీ కాలితే నా చెయ్యి అంటావు."

పెద్దకోడలు తిప్పింది. పాట ఒక్కసారిగా గది నిండా విరుచుకుపడింది. ఆమె అరచెయ్యి వెనక రెక్కల మీద ఆనించింది. గోరువెచ్చగా ఉంది. పాట అయిపోయింది, ఇంకోటి వచ్చింది, అదీ అయిపోయింది. గోరువెచ్చగానే ఉంది. లోపల్నుంచి ఎవరిదో అరుపు మొదలై పాటలో కలిసిపోయింది.

తిరిగి వస్తుంటే ఒంటి నల్ల తీగ చుట్ట పెద్దకోడలి భుజాన ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు. వీధి మలుపులో చిన్నకోడలు హార్డ్‌వేరు కొట్టు ముందు ఆగింది.

"ఏం కావాలే?"

"తాళం. నా గదికి." చిన్నకోడలు ముఖం పక్కకి తిప్పలేదు, కోపంగా కూడా లేదు. "ఏమీ అనుకోకక్కా."

పెద్దకోడలు భుజం మీది తీగ సర్దుకుంది. అనుకోవడానికి చాలా ఉంది. అనే హక్కే లేదు.

"గట్టిది తీసుకో," అంది. "చూపించమను, కోసి చూద్దాం."